ఓర్తోనా క్షమోత్సవము: తోమా అస్థికల చరిత్ర

ఇటలీదేశపు తూర్పుతీరమున, ఆద్రియాతిక సముద్రమునకు ఎదురుగా ఓర్తోనా అను చిన్న రేవుపట్టణము కలదు. ప్రతి సంవత్సరము మే నెల మొదటి ఆదివారమునను, దానికి ముందటి శనివారమునను అచ్చట ఒక ఉత్సవము జరుగును. దానిని వారి భాషలో 'పెర్దోనో' అందురు. మన భాషలో క్షమోత్సవము అనవచ్చును. ఏసుక్రీస్తు పన్నిద్దరు శిష్యులలో ఒకడైన తోమా యొక్క అస్థికలు తమ ఊరి ప్రధాన దేవాలయమున ఉన్నవని ఆ పట్టణవాసుల విశ్వాసము. ఆ అస్థికలను గౌరవించుటకే ఈ ఉత్సవము ఏర్పడినది.

ఎక్కడి ఓర్తోనా, ఎక్కడి అరకేర అని తల్లిదండ్రులు అడుగవచ్చును. ఆ తోమా మన దేశమునకు వచ్చెననియు, నేటి చెన్నపట్టణములోని మైలాపురమున ఆయనను సమాధి చేసిరనియు పరంపరగా చెప్పుచుందురు. అనగా ఇటలీలోని ఒక పండుగకు మూలకథ మన దేశపు తూర్పుతీరమున ఉన్నది. అంతేకాదు. పరాయిచోటి నుండి వచ్చిన ఒక వస్తువును ఒక చిన్న ఊరు 760 సంవత్సరములకు పైగా ఎట్లు నిలుపుకొనగలిగినది అను ప్రశ్న ఇందు ఉన్నది. కన్నడదేశమున తెలుగు మాటలాడుచు జీవించు మన కుటుంబములకు ఆ ప్రశ్న దూరమైనది కాదు. కావున ఈ సంచికకు ఈ విషయమును ఎన్నుకొంటిమి.

అవశేషములను గౌరవించుట

మహాత్ముల దేహములో మిగిలిన భాగమునో, వారు వాడిన వస్తువునో భద్రపరచి పూజించు ఆచారము అనేక మతములలో కలదు. బౌద్ధులు దీనిని ధాతువు అందురు. నేటి బాపట్ల జిల్లాలో కృష్ణాతీరమునకు సమీపముననున్న భట్టిప్రోలు స్తూపమును 1892లో త్రవ్వినపుడు స్ఫటికపు భరిణెలు, వాటిని ఉంచిన రాతిపేటికలు, వాటిపై ప్రాచీన లిపిలో అక్షరములు బయటపడినవి. అవి క్రీస్తుకు పూర్వపు నాటివి. మన తెలుగునేలపై ధాతుపూజ ఎంత పాతదో దీనిచే తెలియుచున్నది.

మన రాయచూరు జిల్లాలోనే మరియొక పోలిక కలదు. ముద్గల్లు కోటలో మొహర్రం నాడు జరుగు పీర్ల పండుగను చూడని వారు మనలో అరుదు. పీర్లు అవశేషములు కావు, స్మారకచిహ్నములు మాత్రమే. అయినను 680వ సంవత్సరమున కర్బలా మైదానమున జరిగిన ఒక మరణమును అవి ప్రతి యేటను జ్ఞప్తికి తెచ్చుచున్నవి. ఆ పీర్లను ఎత్తుకొనుటలో, మ్రొక్కుబళ్లు చెల్లించుటలో హిందువులును పాలుగొందురు. ఒక స్మృతికి ఒక వస్తువు, ఒక తిథి, ఒక ఊరేగింపు కుదిరినప్పుడు అది శతాబ్దములు నిలుచును. ఓర్తోనాలో జరుగుచున్నదియు ఇదియే.

మైలాపురము నుండి ఎడెస్సాకు

తోమాను గూర్చిన పాతకథ సిరియా భాషలో 3వ శతాబ్దిలో వ్రాయబడిన 'తోమా చర్యలు' అను గ్రంథమున ఉన్నది. తోమా శిల్పవిద్య ఎరిగినవాడు. గుదనఫరు అను రాజు రాజభవనము కట్టుమని ఆయనకు ధనమిచ్చెను. తోమా ఆ ధనమంతయు బీదలకు పంచిపెట్టి, భవనము పరలోకమున కట్టబడినదని రాజునకు విన్నవించెను. ఈ రాజు కేవలము కల్పితుడని పండితులు చిరకాలము తలచిరి. 19వ శతాబ్దిలో పంజాబు, ఆఫ్ఘనిస్థాను ప్రాంతములలో గొండోఫారుసు అను పేరుగల నాణెములు దొరకినవి. అతడు 1వ శతాబ్దిలో నిజముగా ఏలినవాడని అప్పుడు తేలినది.

మన జిల్లాలోని మస్కి శాసనము కథయు ఇట్టిదే. 'దేవానాంప్రియుడు' అని శాసనములలో కనబడు రాజు ఎవ్వడని పండితులు చర్చించుచుండగా, 1915లో మస్కి యొద్ద బండపై దొరకిన శాసనమున అశోకుని పేరే స్పష్టముగా కనబడెను. కథలు అన్నియు నిజములు కావు, అన్నియు అబద్ధములును కావు. రాయి, నాణెము, పత్రము వచ్చి సాక్ష్యము చెప్పువరకు ఓపిక పట్టుట చరిత్ర విద్యార్థి ధర్మము. గొండోఫారుసు ఉన్నాడని నాణెము చెప్పినది గాని, తోమా అతని కొలువునకు వచ్చెనని చెప్పలేదు. ఈ రెంటికిగల భేదమును పిల్లలకు తెలుపవలెను.

ఆ గ్రంథములోనే మరియొక చిన్న ఘట్టము కలదు. తోమాను చంపించిన రాజు, కుమారునకు జబ్బు చేయగా, ఆయన ఎముక నొకదానిని తెచ్చి బాగుచేయుదమని సమాధి తెరిపించెను. లోపల ఎముకలు లేవు. శిష్యులలో ఒకడు అప్పటికే వాటిని పడమటి దేశమునకు తీసికొనిపోయి యుండెను. రాజు ఆ సమాధిలోని మట్టిని తీసి కుమారునకు కట్టగా అతడు స్వస్థుడాయెనని కథ. ఈ మట్టిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొన గోరుచున్నాము. దీనితో ముందు పని కలదు.

ఎముకలు చేరిన పడమటి ఊరు ఎడెస్సా. అది నేటి తురుష్కదేశములోని ఉర్ఫా నగరము. 373లో మరణించిన ఎఫ్రేము అను సిరియా కవి, ఆ ఎముకలు ఇండియా నుండి తమ ఊరికి వచ్చినవని తన గీతములలో చెప్పెను. అదే శతాబ్దిలో ఎగేరియా అను యాత్రికురాలు దూరదేశము నుండి వచ్చి ఎడెస్సాలోని తోమా ఆలయమును దర్శించి, తన యాత్రను వ్రాసి పెట్టెను. 1144లో ఎడెస్సా యుద్ధమున ఓడి జెంగీ వశమైనది. తరువాత ఆ ఎముకలు గ్రీకుదేశపు కియోస్ ద్వీపమునకు చేరినవని పరంపర చెప్పుచున్నది.

ఓడలలో వచ్చిన అస్థికలు

1258లో వెనిసు, జెనోవా అను ఇటలీ నగరములకు సముద్రముపై ఘోరయుద్ధము జరుగుచుండెను. లియోనె అచ్చాయువోలి అనువాని నాయకత్వమున ఓర్తోనా ఓడలు మూడు ఆ యుద్ధమునకు పోయి కియోస్ చేరెను. అచ్చటి ఆలయమునుండి అస్థికలను, వాటితో పాటు సమాధిపై పరచిన చెక్కడపు రాతిపలకను కూడ ఓర్తోనావారు తమ ఓడల కెక్కించిరి. 1258 సెప్టెంబరు 6వ తేదీన అవి ఓర్తోనా రేవున దిగినవి.

దీనిని భక్తి అనవలెనా, దోపిడి అనవలెనా? కియోస్ ప్రజలు ఇచ్చిన కానుక ఇది కాదు. యుద్ధమున తెచ్చుకొన్న సొత్తు. మధ్యయుగమున ఐరోపాలో పవిత్రావశేషములను ఇట్లు తెచ్చుకొనుట ఘనకార్యముగా ఎంచబడెను. అదే కాలమున మన తెలుగుదేశమున మరియొక తీరు కనబడుచున్నది. కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్ది నడుమ మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుపానుచే కొట్టుకొనివచ్చిన పరదేశి ఓడల సొత్తును పూర్వపు రాజులు బలవంతముగా లాగుకొనుచుండిరనియు, తాను అట్లు చేయక న్యాయమైన సుంకము మాత్రమే తీసికొని వర్తకులను కాపాడుదుననియు ఆయన అందు ప్రకటించెను. ఓర్తోనా ఓడలు కియోస్ పోవుటకు కొలది సంవత్సరములే ముందు ఈ శాసనము పుట్టినది. పిల్లలకు ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చెప్పినచో, సముద్రమును రెండు తీరములవారు ఎట్లు చూచిరో బోధపడును.

అయితే ఓర్తోనావారు చేసిన ఒక పని మెచ్చదగినది. అస్థికలు వచ్చిన మరుసటి యేడు, 1259 సెప్టెంబరు 22న, బారి నగరమున సాక్ష్యము పలికించి, ఆ వృత్తాంతమును తోలుపత్రముపై వ్రాయించిరి. చెప్పుకొను మాట ఒక తరములోనే మారిపోవును, వ్రాసిన మాట నిలుచునని వారెరిగిరి. ఆ పత్రము అస్థికలు కియోస్ నుండి వచ్చినవని నిరూపించునే గాని, అవి తోమావే యని నిరూపింపజాలదు. అది విశ్వాసమునకు సంబంధించిన విషయము. విశ్వాసమును మన్నించుచు, పత్రము ఎంత చెప్పునో అంతయే గ్రహించుట విద్యావంతుల లక్షణము.

క్షమ అను మాటకు అర్థము

15వ శతాబ్దిలో 1471 నుండి 1484 వరకు పోపుగా నున్న నాలుగవ సిక్స్తుసు, ఓర్తోనా దేవాలయమును దర్శించు యాత్రికులకు ఒక అనుగ్రహమును ప్రసాదించెను. కథోలిక మతధర్మము ప్రకారము పాపము ఒప్పుకొని పశ్చాత్తాపపడిన వానికి పాపము క్షమింపబడును గాని, దానికి తగిన శిక్ష కొంత మిగిలియుండును. ఆ మిగిలిన శిక్షను తొలగించు అనుగ్రహమే ఈ 'పెర్దోనో'. పశ్చాత్తాపము లేనివానికి ఇది వర్తింపదు. కాబట్టి ఇది పాపమునకు ఇచ్చిన అనుమతి కాదు, మారిన మనసునకు ఇచ్చిన ఊరట.

ఉత్సవమున మధ్యయుగపు వేషములు ధరించిన స్త్రీపురుషులు వెండి తాళపుచెవులను ఊరేగింపుగా దేవాలయమునకు తోడ్కొనిపోవుదురు. జెండాలు, తప్పెటలు ముందు నడుచును. పట్టణ పాలకులును మతగురువులును ఇందు కలిసి నడుతురు. తోమా అవశేషము గల వెండి అర్ధవిగ్రహమును ఆ దినములలో ప్రజలు దర్శించుకొందురు. మిగిలిన అస్థికలు దేవాలయపు నేలమాళిగలో, బంగారుపూత గల రాగిపేటికలో ఉన్నవి. ఈ పండుగ ఒక్క గురువులది కాదు, ఒక్క పాలకులది కాదు. ఇరువురును కలిసినప్పుడే ఊరి పండుగ అగును. మన ఊళ్లలో తేరు లాగునప్పుడు అందరి చేతులును ఒకే మోకునకు తగులుట వంటిదే ఇదియును.

రెండు మంటలు దాటిన ఊరు

1566లో తురుష్క నౌకాధిపతి పియాలే పాషా ఏప్రిలులో కియోస్ ద్వీపమును వశపరచుకొనెను. అదే సంవత్సరము ఆగస్టులో అతని ఓడలు ఆద్రియాతిక తీరమును చేరి ఓర్తోనాను దోచి తగులబెట్టెను. అస్థికలు ముందున్న ద్వీపమును, పిదప చేరిన పట్టణమును ఒక్క యేటనే ఒక్కని చేత దెబ్బ తిన్నవి. దేవాలయము దహింపబడినను అస్థికలు మిగిలినవి. ఊరివారు గుడిని మరల కట్టుకొనిరి.

రెండవ ఆపద రెండవ ప్రపంచ యుద్ధమున వచ్చినది. 1943 డిసెంబరులో కెనడా సైన్యమునకును జర్మను సైన్యమునకును ఓర్తోనా వీధులలో ఇంటింటికి పోరాటము జరిగినది. ఆ సమీపమున విల్లా గ్రాందె వైపు మన దేశపు 8వ భారత దళము పోరాడుచుండెను. డిసెంబరు 21న జర్మనులు దేవాలయ గోపురమును ప్రేల్చివేయగా గుడి సగము కూలినది. ఆ దినము అప్పటి పంచాంగము ప్రకారము తోమా పండుగ దినమే. ఊరివారు వెయ్యిమందికి పైగా ఆ రోజులలో ప్రాణములు కోల్పోయిరి. ఇండ్లు కూలి, తిండికి కరవైన ఆ ప్రజలు ఆరేండ్లలో దేవాలయమును నిలిపి, 1949లో తిరిగి తెరచిరి. పండుగ మరల నడచినది.

మైలాపురపు మట్టి

ఇక మైలాపురము సంగతి. ఎముకలు పోయిన చోట భక్తి ఆగిపోయినదా? ఆగలేదు. 13వ శతాబ్ది చివర వెనిసు యాత్రికుడు మార్కో పోలో మన తీరమునకు వచ్చెను. మోటుపల్లి రేవును, అచ్చటి రాణి న్యాయపాలనను మెచ్చిన యాత్రికుడు ఇతడే. ఆ రాణి రుద్రమదేవియే యని మన చరిత్రకారులు నిర్ణయించిరి. ఇతడు తోమా సమాధిని గూర్చియు వ్రాసెను. అది ఒక చిన్న ఊరిలో నున్నదనియు, క్రైస్తవులేగాక మహమ్మదీయులును అచ్చటికి యాత్ర వత్తురనియు, అచ్చటి ఎఱ్ఱమట్టిని తీసికొనిపోయి నీటిలో కలిపి రోగులకు ఇత్తురనియు అతడు చెప్పెను. ఎముకలు ఓర్తోనా చేరి అప్పటికి మూడు దశాబ్దములు దాటినవి. మైలాపురమునకు మిగిలినది మట్టి. ఆ మట్టినే వారు చాలుననుకొనిరి.

1520లో శ్రీకృష్ణదేవరాయలు మన రాయచూరు కోటను జయించినపుడు, పోర్చుగీసు తుపాకివారు కొందరు ఆయనకు తోడ్పడిరి. ఆ పిదప మూడేండ్లకు, 1523లో, రాయల రాజ్యములోనిదే యైన మైలాపురమున పోర్చుగీసువారు పాత సమాధిని త్రవ్వి, దానిపై గుడి కట్టుకొనిరి. నేడు అచ్చట కనబడు తెల్లని ఎత్తైన దేవాలయము 1896లో పూర్తియైనది. జూలై 3వ తేదీన తోమా పండుగ జరుగును. ఆ తిథి అస్థికలు ఎడెస్సా చేరిన స్మృతికై సిరియా క్రైస్తవులు పాటించినది. 1969లో రోమాసభ కూడ డిసెంబరు 21కి బదులు దానినే స్వీకరించినది.

ఈ రెండు తీరములును మరల కలిసినవి. 1953లో కార్డినల్ తిస్సెరాంగారు ఓర్తోనాలోని అస్థికలలో చేతి ఎముక నొకదానిని కేరళలోని కొడుంగల్లూరునకు తెచ్చిరి. 1964 డిసెంబరు 2న, పోపు బొంబాయికి వచ్చిన సందర్భమున, మన తపాలాశాఖ తోమా పేర ఒక బిళ్ల వెలువరించినది. దానిపై అచ్చొత్తిన బొమ్మ ఓర్తోనా దేవాలయములోని విగ్రహమే. మన తపాలా బిళ్లపై ఓర్తోనా ఎట్లు వచ్చినదని పిల్లలను అడిగినచో, పై చరిత్ర యంతయు వారిచే చెప్పించవచ్చును.

తల్లిదండ్రులకు మనవి

ఈ చరిత్ర నుండి మేము గ్రహించినది ఒక్కటే. ప్రియమైన వస్తువు తనంత తాను నిలువదు. దానిని నిలుపువారు ఉండవలెను. ఓర్తోనావారు మూడు పనులు చేసిరి. మొదట పత్రము వ్రాసిరి. తరువాత తిథి పెట్టుకొనిరి. పిమ్మట తాళపుచెవులను ఊరందరి నడుమ ఊరేగించి, ఇది మనదని పిల్లలకు చూపిరి. మూడింటిలో ఒకటి తప్పినను, 1566లోనో 1943లోనో అంతయు బూడిదలో కలిసిపోయి యుండెడిది.

మన యిండ్లలోని తెలుగు ఇట్టిదే. రాయచూరు జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఉండి, పిదప కన్నడరాష్ట్రమున చేరినది. ఎల్లలు మారినను ఇండ్లలోని భాష మారలేదు. కన్నడము మన పిల్లలు చక్కగా నేర్వవలెను. అది మనము బ్రతుకు నేల భాష, పొరుగువారి భాష. ఇంగ్లీషును నేర్వవలెను. ఇందు మాకు సందేహము లేదు. కాని తెలుగు ఇంట్లో వినుచునే యున్నాడు గదా, బడిలో ఎందుకని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడుగుచున్నారు. వినుట వేరు, చదువుట వేరు. చదువని భాష ఒక తరములో మాటగా మిగులును, రెండవ తరములో యాసగా మిగులును, మూడవ తరములో ఇంటిపేరుగా మాత్రమే మిగులును.

కావున మా మనవి మూడు మాటలు. పత్రమునకు సంబంధించినది మొదటిది: జనాభా లెక్కలవారు వచ్చినపుడును, బడిలో చేర్పించు కాగితమునందును మాతృభాష గడిలో తెలుగు అని వెనుకాడక వ్రాయించుడు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య అందించుటకు తగిన వసతులు కల్పింప ప్రయత్నించవలెనని 1956లో రాజ్యాంగమున చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. లెక్కలో లేని పిల్లవానికి ఆ వసతిని అడుగుట కష్టము. తిథికి సంబంధించినది రెండవది: వారమునకు ఒక సాయంకాలము పిల్లవానిచే ఇంటిలోని పెద్దలకు తెలుగు పుస్తకము బిగ్గరగా చదివించుడు. అవ్వకు చదువు రాకపోయినను ఆమెయే మంచి పరీక్షాధికారిణి. తప్పు పలికినచో ఆమె ఊరకుండదు. తాళపుచెవికి సంబంధించినది మూడవది: ఊరికి వ్రాయవలసిన శుభలేఖను, క్షేమసమాచారమును పిల్లవాని చేతనే తెలుగులో వ్రాయించుడు.

బడి ఒక తాళపుచెవి పట్టుకొనగలదు. రెండవది ఇంటివారి చేతనే ఉండవలెను. మైలాపురమువారికి ఎముకలు లేకపోయినను మట్టి చాలినది, ఏలయన వారు ఆ చోటికి నడచిపోవుట మానలేదు. మనకు తెలుగు రాజ్యము ప్రక్కనే యున్నను, ఇంటిలో పుస్తకము తెరువనిచో అది మనకు దూరమే. ఈ వేసవి సెలవులలో ప్రతి యింట ఒక తెలుగు పుస్తకమైనను చదివి ముగింపబడునని ఆశించుచున్నాము.